గౌరీకుంజము: విభూతిభూషణ బంద్యోపాధ్యాయుల జీవితము

ఉద్యోగరీత్యా ఊరూరు తిరుగువారిని స్వస్థలమేదని ఎవరైన అడిగినచో, జవాబు చెప్పుటకు ఒక క్షణము ఆలస్యమగును. పుట్టిన ఊరొకటి, చదివిన ఊరు మరియొకటి, పిల్లలు పెరిగి పెద్దవారైన ఊరు వేరొకటి. తాతలనాటి ఇంటిలో నేడు ఎవరో కాపురముందురు. లేదా గోడలు కూలి, పెరటిలో జిల్లేళ్లు మొలచియుండును. పింఛను పుచ్చుకొనిన పిమ్మట ఎక్కడ స్థిరపడవలెనో ఇంకను తేలియుండదు. ఇట్టివారికి ఇల్లనగా ఏది? ఈ ప్రశ్ననే జీవితాంతము మనస్సున మోసి, దానికి తన గ్రంథములలో బదులు వెదకిన మహారచయిత విభూతిభూషణ బంద్యోపాధ్యాయ. పథేర్ పాంచాలీ కర్తగా ఆయన పేరు లోకమెరుగును. ఆయన కన్నుమూసిన చోటు జంషెడ్‌పూరునకు సుమారు 40 కిలోమీటర్ల దూరమున, సువర్ణరేఖా నదీ తీరముననున్న ఘాట్‌శిల. ఆ చిన్న ఊరిలోనే ఆయన ఇల్లు గౌరీకుంజము నేటికిని నిలిచియున్నది.

విభూతిభూషణులు 1894వ సంవత్సరము సెప్టెంబరు 12వ తేదీన, వంగదేశమున కాంచ్రాపాడా చెంతనున్న మురాతిపుర గ్రామమున, మేనమామగారింట జన్మించిరి. పితృపితామహుల ఊరు బన్‌గావ్ ప్రాంతమున ఇచ్ఛామతీ నది ఒడ్డున నున్న బారాక్‌పూరు. కలకత్తాకు సమీపముననున్న సైనిక స్థావరము వేరు, ఈ పల్లె వేరు. తండ్రి మహానందులు సంస్కృత పండితులు. పురాణ కాలక్షేపము చేయుట ఆయన వృత్తి. తల్లి పేరు మృణాళిని. ఐదుగురు సంతానములో విభూతిభూషణులే జ్యేష్ఠులు.

మహానందులకు ఇంటిపట్టున ఉండుట అరుదు. పురాణము చెప్పుటకు ఊరినుండి ఊరికి తిరుగుచు, చేతికి చిక్కిన కొలది పైకముతో ఇల్లు చేరుచుండిరి. పాండిత్యము పుష్కలము, సంపాదన స్వల్పము. ఇంటిలో లేమి ఎంతటిదైనను, ఇంటి వెలుపల పిల్లవానికి లోటన్నది లేదు. వెదురుపొదలు, మామిడితోపులు, వానకాలమున ఉప్పొంగు ఇచ్ఛామతి, తెల్లదొరలు విడిచిపోయిన నీలిమందు కొఠీల శిథిలములు - ఇవన్నియు ఆ బాలుని సొత్తు. తండ్రి నోట విన్న భారత రామాయణ వీరులు ఆ పొదల నడుమనే సంచరించుచున్నట్లు అతనికి తోచెను. ఇల్లనగా నాలుగు గోడలు కాదనియు, కంటికి అందినంత మేర, చెవికి అందినంత కథ తన ఇల్లే యనియు ఆ వయస్సున కుదిరిన భావము ఆయనను కడవరకు విడువలేదు.

బన్‌గావ్ ఉన్నత పాఠశాలలో ఎనిమిదవ తరగతి చదువుచుండగా తండ్రి గతించెను. కుటుంబ భారము పెద్దకొడుకు మీద పడెను. కష్టములకోర్చి 1914లో ప్రథమ శ్రేణిలో ప్రవేశపరీక్ష నెగ్గి, కలకత్తాలోని రిపన్ కళాశాలలో చేరి, 1918లో బి.ఏ. పట్టము పొందిరి. పై చదువులకు చేరినను పైకము లేక మానవలసివచ్చెను.

ఆ యౌవనారంభముననే గౌరీదేవితో వివాహమయ్యెను. ఏడాది కాపురమైనను నిండుగా జరిగెనో లేదో, ఆమె మరణించెను. కొలది కాలమునకే ఒక చెల్లెలును పోయెను. వేరొకరైనచో ఇంటిపై ఆశ వదలుకొనియుందురు. లేదా వెంటనే మరియొక ఇల్లు కట్టుకొని ఆ దుఃఖమును మరతురు. విభూతిభూషణులు రెండును చేయలేదు. ఇరువది యేండ్లకు పైబడి ఒంటరిగానే ఉండిరి. అద్దె గదులు, హాస్టలు భోజనములు, స్కూలు మాస్టరీ జీతము - ఇదే ఆయన సంసారము.

మొదట హుగ్లీ జిల్లాలోని జాంగీపాడాలో, పిదప కలకత్తా దక్షిణముననున్న హరినాభిలో ఉపాధ్యాయులుగా పనిచేసిరి. హరినాభిలో నుండగనే తొలి కథ ఉపేక్షిత, ప్రవాసీ పత్రికలో వెలువడెను. అటుపిమ్మట గోరక్షణ సభ పక్షమున ప్రచారకులై తూర్పు వంగమును, అరకాన్ ప్రాంతమును సంచరించిరి. తండ్రి పురాణపు సంచితో తిరిగిన తీరుననే కొడుకు ఉపన్యాసపు సంచితో తిరిగెను. తుదకు కలకత్తాలోని ఖేలాత్‌చంద్ర ఘోషుగారి కుటుంబమున ఉద్యోగము దొరికెను. 1924 ప్రాంతమున వారి ఎస్టేటు పనిమీద భాగల్పురము చేరి, అడవి భూముల అజమాయిషీకి సహాయ మేనేజరైరి.

అక్కడనుండియే ఆయన నిజమైన ఇంటి ప్రయాణము మొదలయ్యెను. గంగ కావలి ఒడ్డున గడ్డిభూములు, అడవులు. మాటలాడుటకు తన భాష వారు లేరు. పగలంతయు పట్టాలు, పన్నులు, తగవులు. ఆ ఏకాంతమున ఆయన మనస్సు బారాక్‌పూరునకు పరుగులిడెను. 1925లో వ్రాయనారంభించిన పథేర్ పాంచాలీ 1928లో పూర్తియయ్యెను. విచిత్ర పత్రికలో ధారావాహికగా వచ్చి, 1929లో పుస్తకరూపమున వెలువడెను. తొలి ప్రతిలో దుర్గ యను పాత్రయే లేదనియు, ఒకనాడు భాగల్పురమున తైలసంస్కారము లేని జుట్టుతో నున్న ఒక బాలిక ఆయన కంటబడగా, ఆ ముఖము మనస్సును వీడక, గ్రంథమును మరల వ్రాసిరనియు చెప్పుదురు. ఆ బాలిక ఎవరో లోకమునకు తెలియదు. దుర్గ మాత్రము వంగదేశపు ప్రతి ఇంటి ఆడపడుచైనది.

నవలలోని నిశ్చిందిపురము బారాక్‌పూరునకు నీడ. పౌరోహిత్యముతోను పురాణముతోను పొట్టపోసుకొను హరిహరుడు మహానందులకు నీడ. అయినను ఆయన తన ఇంటిని తీపి జ్ఞాపకముగా మాత్రమే చిత్రించి ఊరుకొనలేదు. ఆ ఇంటి చూరు క్రింద జరిగిన అన్యాయమును సైతము దాచలేదు. ఇందిర్ ఠాకురాణి యను ముసలి బంధువురాలికి ఆ ఇంట ఒక మూల తప్ప లోకమున వేరు చోటు లేదు. ఇంటి ఇల్లాలు సర్వజయ, తన పిల్లల నోటి ముద్దను తలచి, ఆ ముసలిదానిని వాకిటినుండి త్రిప్పి పంపును. ఆమె పరుల పంచన ప్రాణము విడుచును. పేదరికమున ఒకరికి ఇల్లైనది మరియొకరికి మూతపడిన తలుపగుట ఎట్లో, సర్వజయను నిందింపకయే చూపిరి. పెద్దలు చూచియు చూడనట్లుండు దానిని పిల్లలు చూతురు. ఆ పిల్లవాని చూపు ఆయన కలమున నిలిచియుండెను.

బాల్యమును నిలుపుకొనుట యనగా కష్టమెరుగకుండుట యని కొందరి తలంపు. ఆయన గ్రంథము దీనికి విరుద్ధముగా చెప్పును. దుర్గకు రైలు చూడవలెనని ఎంతో కోరిక. జ్వరముతో పడియుండి, లేచిన తరువాత తనకు రైలు చూపింపుమని తమ్ముని అడుగును. ఆ కోరిక తీరకయే ఆమె కన్నుమూయును. తరువాత కుటుంబమంతయు ఊరు విడిచి కాశికి పోవుటకు రైలెక్కినప్పుడు, అపు ఆనందమంతయు అక్క లేని లోటుతో కలిసిపోవును. ఊరు విడుచుటకు ముందు, అక్క ఎప్పుడో దొంగిలించి దాచిన చిన్న బంగారు కుంకుమ భరిణె అతనికి దొరకును. దానిని ఎవరికిని చూపక, వెదురుపొదలలోనికి విసరివేయును. అక్క పేరునకు మచ్చ రాకుండ కాపాడిన ఆ క్షణమున ఆ బాలుడు పెద్దవాడగును. పెద్దవాడగుట యనగా లోని బాలుని చంపుకొనుట కాదు. ప్రేమించిన దానిని కాపాడు బాధ్యతను భుజమున వేసికొనుట.

తరువాయి నవల అపరాజిత. అందు అపు తల్లిని పోగొట్టుకొనును, భార్యను పోగొట్టుకొనును, కన్నకొడుకును సైతము కొన్నియేండ్లు విడిచి తిరుగును. తుదకు కొడుకు కాజలును వెంటబెట్టుకొని నిశ్చిందిపురము చేరును. తాను మరల దూరదేశములకు బయలుదేరునప్పుడు పిల్లవానిని ఆ ఊరిలో, బాల్యమిత్రురాలి చెంత విడిచిపోవును. ఆ పొదలలో, ఆ బాటలలో కాజలు తిరుగుచుండగా, ఎన్నియో యేండ్లక్రితము ఊరు విడిచిన బాలుడే తిరిగివచ్చినట్లగును. ఇల్లు తండ్రికి దక్కలేదు. అయినను తండ్రిలోని బాల్యము కొడుకునకు సంక్రమించెను. గోడలు కూలినను వారసత్వముగా ఇయ్యదగిన ఆస్తి ఇది యొక్కటే యని ఆయన భావము.

భాగల్పురపు అడవులు ఆయనకు వేరొక పాఠమును గూడ నేర్పినవి. అది అంత సుఖమైనది కాదు. ఎస్టేటు పని యనగా అడవిని కొలిచి, ముక్కలుచేసి, రైతులకు పట్టాలిచ్చుట. పగలు ఆయన చేతిమీదుగా చెట్లు కూలుచుండెను. రాత్రి వెన్నెలలో ఆ చెట్లనే చూచి ఆయన పరవశించుచుండెను. ఈ వైరుద్ధ్యమునుండి పుట్టిన నవల ఆరణ్యక్. 1939లో ఇది పుస్తకముగా వచ్చెను. అందలి మేనేజరు సత్యచరణుడు కలకత్తా నగరపు అలవాట్లు విడువలేక వచ్చి, అడవికి లొంగి, ఆ అడవినే తన చేతులతో తెగనరికించి వెడలిపోవును. ఆ పనికి వనదేవతలను క్షమాపణ వేడును.

ఆ నవలలో యుగళప్రసాదుడను వాడొకడు కలడు. ఎక్కడెక్కడినుండియో పూలమొక్కలను, గింజలను తెచ్చి, ఎవరును చూడని అడవిలో, సరస్సు గట్టున నాటుచుండును. దానివలన అతనికి దమ్మిడీ లాభము లేదు. లోకులు అతనిని పిచ్చివాడందురు. తనది కాని నేలను తన ఇంటివలె అలంకరించిన ఆ మనిషిలో విభూతిభూషణులు తన లోని బాలునే చూచుకొనిరి. మరియొక పాత్ర భానుమతి. రాజ్యము పోయిన ఆదివాసి రాజవంశపు బిడ్డ. ఆమెకు తన కొండ తెలియును, తన పూర్వుల సమాధులు తెలియును. భారతవర్షమను పేరు మాత్రము తెలియదు. ఇంటిని ఆమెకంటె గాఢముగా ఎరిగినవారు అందు లేరు. ఇల్లు పోగొట్టుకొనుటకు ఆమెకంటె సమీపమున నున్నవారును లేరు.

ఈ కథ జంషెడ్‌పూరు వాసులకు పరాయిది కాదు. 1907లో ఉక్కు కంపెనీ ఏర్పడిన పిదప సాక్చి చుట్టునున్న అడవులు, పల్లెలు తొలగి కర్మాగారము లేచెను. 1912లో ఉక్కు వెలువడెను. 1919లో ఊరికి జంషెడ్‌పూరను పేరు వచ్చెను. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి వచ్చిన తెలుగు కుటుంబములెన్నియో ఈ నేలమీదనే ఇల్లు నిలుపుకొనినవి. ఆకలితో వచ్చినవానికి నేల కావలెను. ఆ నేల అంతకుముందు మరియొకరికి ఇల్లు. ఆరణ్యక్ నవలలో పట్టా పుచ్చుకొనిన పేదరైతులను విభూతిభూషణులు దోషులుగా చూపలేదు; వారి జొన్నచేలను, వారి గుడిసెలను గూడ ప్రేమతోనే చిత్రించిరి. కాని తొలగిపోయిన దానిని మరచిపోవుట మాత్రము తగదని ఆయన పట్టుదల.

పిల్లలకొరకును ఆయన వ్రాసిరి. చాందేర్ పహాడ్ 1937లో పుస్తకమయ్యెను. చదువు ముగించి జనపనార మిల్లులో గుమస్తాగా చేరవలసిన శంకరుడను పల్లెటూరి కుర్రవాడు, ఆ బ్రతుకు నొల్లక ఆఫ్రికాలో రైలుమార్గపు పనికి పోయి, సింహములను, ఎడారులను, అగ్నిపర్వతమును చూచిన కథ యది. విభూతిభూషణులు ఆఫ్రికాలో అడుగు పెట్టినవారు కారు. దేశపటములు, యాత్రాగ్రంథములు ముందుంచుకొని, కలకత్తాలో బడిపంతులు పని చేసికొనుచునే ఆ ఖండమంతయు తిరిగి వచ్చిరి. బారాక్‌పూరు పొదలలో కురుక్షేత్రమును చూచిన పిల్లవానికి ఇది కష్టమైన పని కాదు.

1940వ సంవత్సరము డిసెంబరులో ఆయన రమాదేవిని వివాహమాడిరి. అప్పటికి ఆయన వయస్సు 46. కొలది కాలమునకు కలకత్తా విడిచి బారాక్‌పూరు చేరి, ప్రక్కనున్న గోపాలనగరము పాఠశాలలో ఉపాధ్యాయులైరి. గొప్ప పేరు వచ్చిన రచయిత పల్లెటూరి బడిలో పాఠములు చెప్పుట ఎవరికైన వింతయే. ఆయనకు మాత్రము అది ఇల్లు చేరుట. 1947 ఆగస్టులో దేశవిభజన జరిగినప్పుడు ఆ ప్రాంతమునకు గడ్డుకాలము వచ్చెను. అంతవరకు బన్‌గావ్ జెస్సోరు జిల్లాలోనిది. గీత గీయగా జెస్సోరు పాకిస్తానునకు పోయెను, బన్‌గావ్ భారతదేశమున నిలిచి ఇరువదినాలుగు పరగణాల జిల్లాలో చేరెను. ఆయన ఊరు దక్కెను. లక్షల కొలది జనులకు ఊరు దక్కలేదు. ఆ యేడే అక్టోబరులో ఆయనకు కుమారుడు తారాదాసు జన్మించెను.

జీవితపు కడపటి కాలమున ఆయన మనస్సు సింగ్‌భూము వైపు మరలెను. ఘాట్‌శిలలో ఆయనకొక చిన్న ఇల్లు ఏర్పడెను. సువర్ణరేఖ రాతినేలమీద పారుట, ఫూల్‌డుంగ్రీ గుట్ట, దూరమున నీలికొండల వరుస, సాలవృక్షముల నీడ - ఇవి ఆయనను మాటిమాటికి పిలిచెను. సారండా అడవులలోను, జిల్లాలోని కొండకోనలలోను కాలినడకను తిరిగిరి. ఆ సంచారముల ఫలితముగా వనే పాహాడే, హే అరణ్య కథా కఓ యను గ్రంథములు వెలువడినవి. నడివయస్సు దాటిన మనిషి పేరు తెలియని పువ్వు కంటబడినచో ఆగి, ఆ పల్లెవారిని అడిగి, తెలిసికొని గాని కదలక పోవుట ఆ డైరీలలో కనుపించును. బాల్యమును నిలుపుకొనుటకు ఇంతకంటె ఆయనకు వేరు సాధన లేదు. అడుగుటకు సిగ్గుపడకపోవుటయే ఆ సాధన.

ఘాట్‌శిల ఇంటికి ఆయన పెట్టిన పేరు గౌరీకుంజము. ఏడాది మాత్రమే తోడుండి పోయిన మొదటి ఇల్లాలి పేరది. ఆ పేరుగల ఇంటిలోనే రమాదేవి గృహిణియై మెలగిరి. గతించినవారికి చోటియ్యని ఇల్లు ఉన్నవారికి సైతము ఇరుకే యని ఆ దంపతులు ఎరిగినట్లు తోచును. ఎన్నియో అద్దె గదులు మారిన మనిషి తన చేతిలో ఒక ఇల్లు నిలిచినప్పుడు, దానికి తన పేరు గాని, తన గ్రంథముల పేరు గాని పెట్టక, తొలుదొల్త ఇల్లనునది ఎట్లుండునో చూపిన ప్రాయపు ప్రేమను తలచుకొనెను.

ఆ ఇంటిలో ఎక్కువ కాలముండు భాగ్యము ఆయనకు లేదు. 1950వ సంవత్సరము నవంబరు 1వ తేదీన, గుండెజబ్బుతో ఘాట్‌శిలలోనే మరణించిరి. అప్పటికి వయస్సు 56, కుమారునకు మూడేండ్లు. అంత్యక్రియలు సువర్ణరేఖ ఒడ్డుననే జరిగినవి. ఇచ్ఛామతీ తీరమున పెరిగిన దేహము సువర్ణరేఖలో కలిసెను. ఆయన చివరి నవలలలో నొకటైన ఇచ్ఛామతికి, మరణానంతరము 1951లో, రవీంద్ర పురస్కారము లభించెను.

ఆయన పోయినను నిశ్చిందిపురము తరలుచునే యున్నది. పథేర్ పాంచాలీని పిల్లలకై సంక్షేపించిన ప్రతికి యువకుడైన సత్యజిత్ రాయ్ బొమ్మలు వేసిరి. ఆ బొమ్మలనుండియే చలనచిత్రపు ఆలోచన మొలకెత్తెను. 1955లో ఆ చిత్రము వెలువడి, మరుసటి సంవత్సరము కాన్ ఉత్సవమున గౌరవము నందుకొనెను. ఆరణ్యక్ నవలను సూరంపూడి సీతారాంగారు వనవాసి యను పేర తెనిగించిరి. ఆ పుస్తకము తెలుగు పాఠకులకు చిరపరిచితము. మూడేండ్ల ప్రాయమున తండ్రిని కోల్పోయిన తారాదాసు పెద్దవాడై, తానును రచయితయై, తండ్రి విడిచిన చోటినుండి అపు కథను కొనసాగించి కాజల్ అను నవల వ్రాసెను. కొడుకునకు దక్కునని తండ్రి నవలలో నమ్మిన ఆస్తి, నిజముగనే దక్కెను.

కొంతకాలము పాడుపడిన గౌరీకుంజమును స్థానికులు, సాహిత్యాభిమానులు పూనుకొని బాగుచేసిరి. వంగభాష మాటలాడు కుటుంబములు అక్షరములను మరచుచున్న ఆ ప్రాంతమున, ఇటీవలి కాలమున ఆ ఆవరణలోనే అపు పేరిట ఒక చిన్న బడి వెలసి, పిల్లలకు మాతృభాష నేర్పసాగెను. రచయిత ఇంటిని స్మారకముగా నిలుపుట సామాన్యమే. దానిని పిల్లల కూతలతో నింపుట ఆయన హృదయమెరిగిన పని.

తెలుగు నేలకు దూరమున తెలుగు కుటుంబములు చేయుచున్నదియు ఇట్టిదే. క్వార్టరు మారును, వీధి మారును, ఊరు మారును. సంక్రాంతికి గుమ్మము ముందు ముగ్గు పడును. అమ్మమ్మ చెప్పిన కథ మనుమరాలి చెవిని చేరును. ఎప్పుడును చూడని తాతగారి ఊరి చెరువు పిల్లవాని కలలో నిండును. విభూతిభూషణులకు బారాక్‌పూరు ఇంటిగోడలు కావలసియుండలేదు. భాగల్పురపు ఎడారివంటి ఏకాంతమున ఆయన దానిని మరల కట్టుకొనిరి. తాను చూచిన అడవి కూలిపోయినను దానిని చదువరుల మనస్సులో నాటిరి. అట్లు నాటుటకు కావలసినది పెద్ద ఇల్లు కాదు, పెద్ద జీతమును కాదు. పువ్వు పేరడుగుట మానని పిల్లవాడొకడు లోపల మేలుకొనియుండుట మాత్రమే. ఇల్లు ఆ పిల్లవాని వెంట నడచివచ్చును.